కైరో పద్ధతిలో మష్రబియా: జిగురు, ఇనుప మేకు లేకుండా చెక్క జాలీ తెర చేయడం ఎలా

ఈ మార్గదర్శిలో చేసేది ఒక చిన్న పలక. లోపలి ఖాళీ 320 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. ఎత్తు. కైరోలో మైమూనీ అనే అల్లిక ఇది: నిలువు కడ్డీల మీద చదరపు దిమ్మలు, ఆ దిమ్మల మధ్య లేత్ (చెక్కను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద తిప్పిన చిన్న అడ్డ ముక్కలు. మష్రబియా అల్లికల్లో మొదటిసారి చేసేవారికి ఇంతకన్నా తేలికైనది లేదు. ఇది సరిగ్గా వస్తే మిగతావి అలవాటవుతాయి.

ముందే ఒక మాట. మన ఇంటీరియర్ దుకాణాల్లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్ మీద ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన) పలకను కోసి జాలీ అని అమ్మేది వేరే వస్తువు. అది ఒకే పలకకు పెట్టిన రంధ్రాలు. మష్రబియా విడివిడి ముక్కల కూర్పు. ఒక ముక్క విరిగితే దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. వానాకాలంలో చెక్క ఉబ్బితే ఆ ఉబ్బును అతుకులు సర్దుకుంటాయి. ఈ రెండు సుగుణాలూ జిగురు వేసిన క్షణంలో పోతాయి.

పనిలో ఎక్కువ భాగం లేత్ ఎక్కక ముందే అయిపోతుంది. ఆరబెట్టడం, గీతలు గీయడం, రంధ్రాలు వేయడం సరిగ్గా ఉంటే తిప్పడంలో చిన్నచిన్న తప్పులు కంటికి ఆనవు. అవి తప్పితే ఎంత అందంగా తిప్పినా పలక బిగుసుకోదు.

1. మాటలు, కొలతలు

ఇక్కడ వాడే మాటలివి. నిలువుగా నిలబడేది కడ్డీ. కడ్డీ మీద చదరంగా వదిలేసిన భాగం దిమ్మ. రెండు దిమ్మలను కలిపేది అడ్డ ముక్క. అంచున, దిమ్మ నుంచి చట్రానికి వెళ్లేది అంచు ముక్క. ముక్క చివర రంధ్రంలోకి దిగే సన్నని భాగం ముక్కు. ముక్కు మొదట్లో లావు మారే చోట మెట్టు ఏర్పడుతుంది, అది దిమ్మకు ఆనుతుంది. పలక బలం ముక్కులో లేదు, ఈ మెట్టులో ఉంది.

దిమ్మ నుంచి దిమ్మకు, నడిమి నుంచి నడిమికి 40 మి.మీ. దిమ్మ 20 మి.మీ. ఘనం. అంటే రెండు దిమ్మల మధ్య ఖాళీ 20 మి.మీ.

తయారు చేయాల్సినవి:

- కడ్డీలు: 7. ఒక్కొక్కటి 420 మి.మీ. (పైకీ కిందికీ 10 మి.మీ. ముక్కు కలిపి). ఒక్కో కడ్డీకి 9 దిమ్మలు.
- అడ్డ ముక్కలు: 54. కనిపించే పొడవు 20, రెండు పక్కలా ముక్కులు 6 చొప్పున, మొత్తం 32 మి.మీ.
- అంచు ముక్కలు: 18. కనిపించే పొడవు 30, దిమ్మ వైపు ముక్కు 6, చట్రం వైపు ముక్కు 8, మొత్తం 44 మి.మీ.
- చట్రం నిలువు పట్టీలు: 2. 45 × 30 మి.మీ. మందంతో 490 పొడవు. పని అయ్యేదాకా రెండు చివరలా 20 మి.మీ. చొప్పున అదనంగా ఉంచి 530కి కోయాలి.
- చట్రం అడ్డ పట్టీలు: 2. అదే మందం. మెట్టు నుంచి మెట్టుకు 320, రెండు పక్కలా ముక్కు 30 చొప్పున, మొత్తం 380 మి.మీ.

లెక్క సరిచూసుకోండి. అడ్డంగా: 7 దిమ్మలు 140, మధ్య ఖాళీలు ఆరు 120, అంచులు రెండు 60. మొత్తం 320. నిలువుగా: 9 దిమ్మలు 180, మధ్య ఖాళీలు ఎనిమిది 160, పైనా కిందా 30 చొప్పున 60. మొత్తం 400. మీ కిటికీకి తగ్గట్టు కొలతలు మార్చుకుంటే ఈ కూడిక మళ్లీ వేసుకున్నాకే రంపం పట్టండి.

2. చెక్క ఎంపిక

కైరో కార్ఖానాల్లో ఇప్పుడు ఎక్కువగా దిగుమతి అయ్యే బీచ్ అనే చెట్టు చెక్క వాడతారు. పోగు, అంటే చెక్కలోని నారల వరుస, సన్నగా ఉంటుంది, లేత్ మీద నున్నగా తెగుతుంది. కానీ తేమకు బాగా కదులుతుంది. మనకు చేవదేరిన టేకు మేలు. జెద్దా పాత ఊరి రోషన్లకు, అంటే గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన చెక్క కిటికీలకు, వాడిందీ టేకే.

ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర వెన్నలా తిరుగుతుంది, చెయ్యి కుదరడానికి అంతకన్నా మంచి చెక్క దొరకదు. కానీ మెత్తన. 6 మి.మీ. ముక్కు అంకుడులో చేస్తే మెట్టు దగ్గర నలుగుతుంది. సాధనకు అంకుడు, అసలు పలకకు టేకు.

సామిల్లులో చూడాల్సినవి:

- పోగు కడ్డీ పొడవునా నిటారుగా ఉండాలి. ఏటవాలుగా పోతే ముక్కు అక్కడే విరుగుతుంది.
- కణుపులు, చీలికలు, బెరడు పక్కనుండే తెల్ల చెక్క వద్దు.
- పాత ద్వారబంధాల టేకు దొరికితే వదలకండి. దశాబ్దాల తరబడి ఆరిన చెక్క అది. మేకులు లోపల ఉండిపోయాయేమో అయస్కాంతంతో చూసుకోండి.

ఎంత కావాలి? విడి కడ్డీలు, ముక్కలు కలిపి తేలేది సుమారు 0.17 సీఎఫ్‌టీ (ఘనపుటడుగు). కోతలో, చిత్రికలో, పనికిరాని ముక్కల్లో పోయేది కలుపుకొని అర సీఎఫ్‌టీ తీసుకుంటే సరిపోతుంది.

3. ఆరబెట్టడం

చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా టేకు అడ్డంగా సుమారు 5 నుంచి 6 శాతం, బీచ్ సుమారు 12 శాతం కుంచించుకుంటుంది. అంటే తేమ ఒక శాతం మారితే టేకు 0.2 శాతం, బీచ్ 0.4 శాతం కదులుతాయి.

దీన్ని మన పలకకు వేసి చూద్దాం. కడ్డీలు నిలువుగా ఉన్నాయి కాబట్టి ఎత్తు మారదు. అడ్డ ముక్కల పోగు అడ్డంగానే ఉంది కాబట్టి అవీ మారవు. మారేది ఒక వరుసలోని 7 దిమ్మలు, 140 మి.మీ. ఎండాకాలానికీ వానాకాలానికీ చెక్కలో తేమ 4 శాతం మారిందనుకుంటే టేకులో తేడా సుమారు 1.1 మి.మీ., బీచ్‌లో 2.2 మి.మీ. ఈ ఒక్క మిల్లీమీటరుకు చోటు ఎక్కడ ఇవ్వాలో 8వ భాగంలో చెబుతాం.

ఆరబెట్టే తీరు:

- ముందుగా కావాల్సిన కొలత కన్నా 4 మి.మీ. లావుగా కోయించండి.
- పలక ఏ గదిలో ఉండబోతుందో ఆ గదిలోనే పేర్చండి. వరుసకూ వరుసకూ మధ్య సన్నని పుల్లలు పెట్టి గాలి ఆడనివ్వండి. ఎండలో పెట్టకండి, పైభాగం ముందు ఎండి చివరలు చిట్లుతాయి.
- ఒక ముక్కకు గుర్తు పెట్టి వారానికోసారి వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. వరసగా రెండు వారాలు బరువు మారకపోతే చెక్క సిద్ధం. మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది.

విశాఖలో చేసి హైదరాబాద్‌లో బిగించే పలకైతే చెక్కను ముందు హైదరాబాద్‌కు చేర్చి ఆరబెట్టండి. సముద్రపు గాలిలో కుదిరిన అతుకు పొడి గాలిలో గలగలమంటుంది.

4. పనిముట్లు

లేత్ ఉంటే సరే. లేకపోతే మంచం కోళ్లు, సోఫా కాళ్లు తిప్పే లేత్ పనివారి దగ్గర తిప్పించుకోవచ్చు. అప్పుడు కూడా గీతలు, రంధ్రాలు మీరే వేసి ఇవ్వండి. కైరోలో పాత పద్ధతి పనివాడు నేల మీద కూర్చుని, ఒక చేత్తో విల్లు లాగుతూ, ఉలికి కాలి ఆసరా ఇస్తూ తిప్పుతాడు. మనకు చిన్న కరెంటు లేత్ చాలు.

- బోలు నోటి ఉలి, ఏటవాలు నోటి ఉలి, సన్నని కోత ఉలి
- స్టాండుకు బిగించిన డ్రిల్, మధ్యలో సూది మొన ఉన్న 6, 8 మి.మీ. బిట్లు
- వెర్నియర్ కాలిపర్, మూలమట్టం, ముల్లు పెన్సిల్
- చిత్రిక, సన్న పళ్ల రంపం, కొయ్య సుత్తి
- 6 మి.మీ. మందపు గట్టి చెక్క పట్టీ ముక్క. అందులో అదే బిట్‌తో ఒక రంధ్రం వేసి ఉంచండి, ముక్కులు సరిచూడడానికి.

లేత్ దగ్గర గ్లవ్స్, వేలాడే చేతులు, చున్నీ, లుంగీ అంచు ఏవీ ఉండకూడదు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. టేకు దుమ్ము కొందరి ఒంటికి పడదు.

5. గీతలు, రంధ్రాలు: అసలు పని ఇదే

కడ్డీ చెక్కను తిప్పకముందే, నాలుగు ముఖాలూ చదునుగా ఉండగానే రంధ్రాలు వేయాలి. గుండ్రంగా తిప్పాక రంధ్రం వేయబోతే బిట్ జారుతుంది, దిశ తప్పుతుంది. మొదటిసారి చేసేవారిలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

కడ్డీలకు 9 ముక్కలు తీసుకోండి, ఏడు పనికి, రెండు విడిగా. ఒక్కొక్కటి 450 మి.మీ. పొడవు, సరిగ్గా 20 × 20కి చిత్రిక పట్టినవి. రెండు చివరలా 15 మి.మీ. లేత్ పట్టుకు పోతుంది.

మొదట ఒక నమూనా పట్టీ చేయండి. 450 మి.మీ. సన్నని చెక్క మీద అన్ని గీతలూ ఒక్కసారే గీసి, మిగతా కడ్డీలకు దాని నుంచే గీతలు దించండి. ప్రతి కడ్డీకీ స్కేలు పెట్టి విడిగా కొలిస్తే ఏడు కడ్డీలు ఏడు రకాలుగా వస్తాయి.

పట్టీ మీద గీతలు: చివర నుంచి 15 దగ్గర కడ్డీ మొదలు. 25 దగ్గర ముక్కు ముగిసి మెట్టు మొదలు. 65 దగ్గర మొదటి దిమ్మ నడుమ, అక్కడి నుంచి 40కి ఒకటి చొప్పున 385 వరకు తొమ్మిది నడుములు. ప్రతి నడుముకూ ఇటు 10, అటు 10 దగ్గర దిమ్మ అంచులు. రెండో చివర మొదటిదానికి అద్దంలా ఉంటుంది. దిమ్మ అంచు గీతలను మూలమట్టంతో నాలుగు ముఖాల మీదికీ తిప్పండి. లేత్ తిరుగుతున్నప్పుడు కనిపించేవి ఇవే.

ఇప్పుడు రంధ్రాలు. వ్యాసం 6, లోతు 7 మి.మీ., దిమ్మ ఎడమ ముఖానా కుడి ముఖానా. మధ్యలో 6 మి.మీ. చెక్క మిగులుతుంది. ఇటునుంచి అటు దూసేస్తే పని తొందరగా అవుతుంది కానీ కడ్డీ బలహీనమవుతుంది.

ఒక కడ్డీని చేతిలోకి తీసుకుని చూద్దాం. ముందు ముఖం మీద పెన్సిల్‌తో ఒక గుణకారం గుర్తు పెట్టండి. డ్రిల్ బల్ల మీద ఆనుడు చెక్క బిగించండి. ఆ చెక్కకు గుణకారం గుర్తున్న ముఖాన్ని ఆనించి, ఎడమ ముఖం పైకి పెట్టి తొమ్మిది రంధ్రాలు వేయండి. కుడి ముఖానికి వచ్చేటప్పుడు కూడా గుర్తున్న ముఖమే చెక్కకు ఆనాలి. అలా ఆనాలంటే కడ్డీని తలకిందులు చేయక తప్పదు, పై చివర కిందికి వస్తుంది. గీతలు రెండు చివర్ల నుంచీ సమానంగా ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఇలా చేస్తే బిట్ నడిమి నుంచి పావు మిల్లీమీటరు పక్కకు ఉన్నా, అన్ని రంధ్రాలూ ముందు ముఖం నుంచి ఒకే దూరంలో ఉంటాయి. పలక మొత్తం ఒకే తలంలో కూర్చుంటుంది. వేరే ముఖం ఆనిస్తే ఆ పావు అర అవుతుంది, వరుస పాములా మెలి తిరుగుతుంది.

బిట్‌ను నమ్మేముందు వృథా ముక్కలో ఒక రంధ్రం వేసి కొలవండి. చవక బిట్లు 6 అని చెప్పి 6.2 వేస్తాయి. ముక్కులను ఆ నిజమైన కొలతకే చేయాలి, బిట్ మీద రాసిన కొలతకు కాదు.

దిమ్మల ముఖాలకు గరుకు కాగితం పట్టేది కూడా ఇప్పుడే, చదునైన చెక్కకు చుట్టి. 180, తర్వాత 240. తిప్పాక రుద్దితే అంచులు అరిగి దిమ్మ సబ్బు ముక్కలా కనిపిస్తుంది.

6. కడ్డీలు తిప్పడం

చివరల్లో మూల నుంచి మూలకు గీతలు గీసి నడుమ గుర్తించి లేత్‌కు ఎక్కించండి. వేగం నిమిషానికి 1800 నుంచి 2200 చుట్లు. వెనక ముల్లును, అంటే కడ్డీ రెండో చివరను పట్టి ఉంచే మొనను, గట్టిగా బిగించకండి, సన్నని కడ్డీ విల్లులా వంగుతుంది. కదలకుండా ఉంటే చాలు.

వరుస ఇది:

1. ప్రతి దిమ్మ అంచు గీత మీద ఏటవాలు ఉలి పొడవైన మొనతో సన్నని గాటు పెట్టండి. రెండు మూడు సార్లుగా లోతుకు వెళ్లండి. ఈ గాటు పోగును ముందే కోస్తుంది.
2. గాట్ల మధ్య భాగాన్ని బోలు ఉలితో గుండ్రం చేయండి. గాటు లేకుండా ఈ పని మొదలుపెడితే దిమ్మ మూలలు పెచ్చులుగా లేస్తాయి.
3. ప్రతి 20 మి.మీ. ఖాళీలో నడుమ 16 మి.మీ. వ్యాసపు పూస, దానికి రెండు పక్కలా 10 మి.మీ. మెడ తీయండి. పూస కన్నా మెడ కొలత ముఖ్యం. 9 కన్నా తగ్గితే కడ్డీ అక్కడ విరగడానికి సిద్ధంగా ఉన్నట్టే.
4. చివరి ముక్కులు 8 మి.మీ. వ్యాసానికి తీయండి.

వెనక ముల్లు వైపు నుంచి మొదలుపెట్టి మోటారు వైపుకు రండి. అలా అయితే తిప్పే బలం ఎప్పుడూ ఇంకా సన్నబడని చెక్క గుండా వస్తుంది. కడ్డీ ఊగి మెలికల గీతలు పడుతుంటే ఉలికి సాన పెట్టండి. సాన పెట్టినా పోకపోతే నడిమిలో ఆసరా పెట్టండి, కొయ్యతో చేసిన వి ఆకారపు గాడి కూడా పనికొస్తుంది.

7. అడ్డ ముక్కలు, అంచు ముక్కలు

14 × 14 × 250 మి.మీ. పుల్లలు 15 కావాలి. పది పుల్లల్లో ఆరేసి చొప్పున 60 అడ్డ ముక్కలు, ఐదింట్లో నాలుగేసి చొప్పున 20 అంచు ముక్కలు. విడివి కలిసి ఉన్నాయి. ముక్కకూ ముక్కకూ మధ్య 4 మి.మీ. కోతకు వదలండి. ఆ వృథా భాగాన్ని చివరిదాకా లావుగానే ఉంచండి, లేకపోతే పుల్ల మొత్తం ముక్కుల దగ్గర ఊగుతుంది.

ఆకారం: నడుమ పూస 12 మి.మీ., మెట్టు దగ్గర 9, ముక్కు 6కు చూడ్డానికి ఒక వెంట్రుక తక్కువ, అంటే 5.9 నుంచి 5.95. మెట్టు ముఖం నిట్టనిలువుగా, ఇంకా చెప్పాలంటే ముక్కు మొదట్లో కాస్త లోపలికి ఉండాలి. అప్పుడు బయటి అంచు దిమ్మకు అతుక్కున్నట్టు ఆనుతుంది. ముక్కుల మీదా మెట్ల మీదా గరుకు కాగితం పెట్టకండి. మిగతా భాగానికి 240 చాలు, చివర్లో తిరుగుతుండగానే గుప్పెడు పొట్టుతో అదిమితే మెరుపు వస్తుంది.

ముక్కు బిగువు ఇలా తెలుస్తుంది. బొటనవేలితో నొక్కితే చిన్న నిరోధంతో దిగాలి. తిరగేస్తే దానంతటది రాలకూడదు. సుత్తి కావాల్సి వస్తే మరీ బిగువు, దిమ్మ చీలుతుంది.

ముక్కుల బిగువు కన్నా మెట్టు నుంచి మెట్టుకు ఉండే 20 మి.మీ.లోనే పలక తేలుతుంది. ఒక్కో ముక్కకు పావు మిల్లీమీటరు ఎక్కువైతే కంటికి కనపడదు. వరుసలో ఎనిమిది ముక్కలు, అంటే 2 మి.మీ. చట్రం మూసుకోదు. అందుకే మొత్తం 72 తిప్పేయకండి. ముందు ఆరు అడ్డ ముక్కలు, రెండు అంచు ముక్కలు చేసి, ఏడు కడ్డీలతో ఒక్క వరుస పేర్చి కొలవండి. అంచు మెట్టు నుంచి అంచు మెట్టుకు 320 వస్తేనే మిగతావి. ఆ తర్వాత కూడా పది ముక్కలకొకసారి కాలిపర్ పెట్టండి.

పొడవున్నవి, పొట్టివి వేర్వేరు డబ్బాల్లో పడేయండి. వరుసలో ఒక పొడవుకు ఒక పొట్టి జత చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇది అడ్డదారే, అయినా అందరూ చేసేదే.

8. చట్రం

నిలువు పట్టీల లోపలి అంచున 6 మి.మీ. రంధ్రాలు తొమ్మిది, 9 లోతు. అడ్డ పట్టీలకు 8 మి.మీ. రంధ్రాలు ఏడు, 11 లోతు. నమూనా పట్టీ నుంచే గీతలు దించండి. పట్టీల మూలలు ముక్కు, గాడి పద్ధతిలో కలపాలి. ముక్కు 10 మి.మీ. మందం.

ఇందాక అన్న ఒక మిల్లీమీటరు ఇక్కడ ఇవ్వాలి. ఎండాకాలంలో బిగిస్తుంటే అడ్డ పట్టీల మెట్టు నుంచి మెట్టుకు 321 పెట్టండి. వానలు వచ్చి దిమ్మలు ఉబ్బితే ఆ చోటు నిండుతుంది. వానాకాలంలో, చెక్క ఉబ్బి ఉన్నప్పుడే బిగిస్తుంటే 320 చాలు. ఎండాకాలం వచ్చాక ఆ ఖాళీ పదహారు మెట్ల మధ్య పంచుకుపోతుంది, కంటికి ఆనదు. బీచ్ అయితే రెట్టింపు లెక్క.

మూలలను జిగురుతో కాక కొయ్య మేకుతో బిగించండి. నిలువు పట్టీలో 6 మి.మీ. రంధ్రం వేసి, లోపలి ముక్కులో అదే రంధ్రాన్ని మెట్టు వైపు 1 మి.మీ. జరిపి వేయండి. కొద్దిగా కోసు చేసిన మేకు దిగుతున్నకొద్దీ అతుకును లోపలికి లాగుతుంది.

పలక బయటి కిటికీకి అయితే ఇంకొకటి. కింది అడ్డ పట్టీలోని ఏడు రంధ్రాలు ఏడు చిన్న గిన్నెలు, నీళ్లు నిలిచి ముక్కులు కుళ్లుతాయి. ప్రతి రంధ్రం అడుగు నుంచి 3 మి.మీ. బిట్‌తో కిందికి దూసేయండి.

9. నూనె

కూర్చకముందే. అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి గుడ్డతో పల్చగా ఒక పూత. ముక్కులకూ రంధ్రాలకూ తగలనివ్వకండి. వార్నిష్, పాలిష్, లాకర్ వద్దు. అవి అతుకుల్లోకి జారి జిగురులా పట్టేస్తాయి. చెక్క తేమను పీల్చి వదిలే గుణం కూడా పోతుంది. మష్రబియా గాలిని చల్లబరచడంలో ఆ గుణానికి వాటా ఉందని ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫాతీ చెప్పేవాడు.

నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేసి, లేదా నీళ్లలో తడిపి పారేయండి.

10. కూర్పు

చదునైన బల్ల, దాని మీద దుప్పటి, ఇంకో మనిషి. ఇవి లేకుండా మొదలుపెట్టకండి.

1. కడ్డీలకు 1 నుంచి 7 వరకు, పై చివరల్లో పెన్సిల్‌తో అంకెలు వేయండి. గుణకారం గుర్తున్న ముఖాలన్నీ కిందికి, బల్ల వైపుకు.
2. మొదటి కడ్డీ కుడి రంధ్రాల్లో తొమ్మిది అడ్డ ముక్కలు దించండి.
3. రెండో కడ్డీని తెచ్చి ఒక చివర నుంచి ఒక్కొక్క ముక్కును రంధ్రం నోట్లో పెడుతూ జిప్పు వేసినట్టు రండి. తొమ్మిదీ నోట్లో పడ్డాకే అరచేత్తో సమంగా నొక్కండి. ఒకదాన్ని పూర్తిగా దించి మరోదానికి పోతే మొదటి మెడ విరుగుతుంది.
4. ఏడో కడ్డీ వరకు ఇలాగే. తర్వాత రెండు అంచులా అంచు ముక్కలు, పొట్టి ముక్కు దిమ్మలోకి.
5. ఇప్పుడు పై అడ్డ పట్టీ, కింది అడ్డ పట్టీ.
6. ఆఖరున నిలువు పట్టీలు. వాటిలోకి అంచు ముక్కల ముక్కులు తొమ్మిది, అడ్డ పట్టీల ముక్కులు రెండు ఒకే దిశలో దిగుతాయి.
7. ఎదురెదురు మూలల మధ్య ఏటవాలుగా కొలవండి, రెండు కొలతలూ ఒకటైతే చట్రం సరిగ్గా ఉన్నట్టు. కొయ్య మేకులు దించి, నిలువు పట్టీల అదనపు చివరలు కోసేయండి.

కూర్చడం మొదలుపెట్టే ముందు:

- ప్రతి ముక్కు కొసనూ కాస్త కోసు చేశారా?
- రంధ్రాల్లో పొట్టు ఊదేశారా?
- రంధ్రం లోతు ముక్కు కన్నా 1 మి.మీ. ఎక్కువ ఉందా?
- విడి ముక్కలు చేతికందేలా ఉన్నాయా?

11. ఏం తప్పుతుంది, ఎందుకు, ఏం చేయాలి

నిలువు పట్టీ మూసుకోక 2, 3 మి.మీ. ఆగిపోయింది: సుత్తితో కొట్టకండి. ప్రతి వరుసనూ కొలవండి. అన్నీ ఎక్కువగా ఉంటే అడ్డ ముక్కలు పొడవైనవి. ఒకటి రెండు వరుసలే అయితే అక్కడ రంధ్రంలో పొట్టు ఉంది, లేదా లోతు తక్కువ.

దిమ్మ చీలింది: ముక్కు లావు. ఆ కడ్డీని మార్చడమే, విడిగా రెండు చేసింది ఇందుకే. చీలికకు జిగురు వేసి దాచితే తర్వాతి వానాకాలంలో అదే చోట తెరుచుకుంటుంది.

అడ్డ ముక్కలు చేత్తో తిప్పితే గుండ్రంగా తిరుగుతున్నాయి: ఒకటీ అరా తిరిగితే తప్పు కాదు. వరుస మొత్తం తిరిగితే ఎండాకాలం అనుకోవచ్చు, వానాకాలంలోనూ తిరుగుతుంటే ముక్కలు పొట్టివి. అంచు ముక్కలను మాత్రం కొత్తగా, కావాల్సినంత పొడవుతో తిప్పి మార్చండి, వరుస బిగుస్తుంది.

పలకను వెలుతురుకు పెడితే వరుసలు వంకరగా ఉన్నాయి: ఏదో కడ్డీని తలకిందులుగా పెట్టారు, లేదా దాని గుర్తు ముఖం పైకి ఉంది.

12. బిగింపు, మరమ్మతు

ఈ అల్లికలో ఖాళీ సుమారు 46 శాతం. గాలికి మంచిదే, మరుగుకు ఓ మోస్తరు. కైరో ఇళ్లలో కంటి ఎత్తున సన్నని అల్లిక, పైభాగాన వెడల్పు అల్లిక ఉండేది ఇందుకే. ఇంకో సంగతి: పగలు బయట వెలుగు, లోపల నీడ ఉన్నంతసేపే తెర దాస్తుంది. రాత్రి లోపల లైటు వేస్తే లెక్క తిరగబడుతుంది, వెనక పరదా కావాలి.

పెద్ద కిటికీకి ఒకే పెద్ద పలక చేయకండి. ఇలాంటి చిన్న పలకలను పెద్ద చట్రంలో పక్కపక్కన పెట్టండి, అసలు కట్టడాల్లోనూ అంతే. కిటికీ చట్రానికీ పలకకూ మధ్య చుట్టూ 3 మి.మీ. వదిలి, పట్టీల గుండా స్క్రూలు వేయండి. స్క్రూ ఏ అంచు ముక్కనూ తాకకూడదు.

ఉమ్రాకో ఉద్యోగానికో జెద్దా వెళ్లేవారు పాత ఊరు అల్ బలద్‌లో, కైరో వెళ్లేవారు పాతకాలపు ఇల్లు బైత్ అల్ సుహైమీలో తెరలను ఎదురుగా కాక పక్క నుంచి, చట్రం కలిసే మూలల దగ్గర చూడండి. పనితనం తెలిసేది అక్కడ.

శుభ్రం చేయడానికి పొడి బ్రష్ చాలు, నీళ్లు చల్లకండి. ముక్క విరిగితే కొయ్య మేకులు వెనక నుంచి తట్టి తీసి, నిలువు పట్టీలు రెండూ, తర్వాత అడ్డ పట్టీలు లాగేయండి. దగ్గరి అంచు నుంచి కడ్డీలు విప్పుకుంటూ వెళ్లి, విరిగినదాన్ని మార్చి, అంకెల వరుసలో మళ్లీ మూయండి. మేకులు మాత్రం కొత్తవి వేయండి, ఒకసారి వంగిన మేకు రెండోసారి లాగదు.